ఎదురింటి ఆవిరి

ఇంట్లో ఉన్నది ఒక్కటే కరెంటు హీటరు, అదీ అరువు తెచ్చింది. దాన్ని ఎక్కడ పెట్టాలన్న తగువు పొద్దున టీ దగ్గర మొదలై, పదకొండు దాటినా తెగలేదు.

డెలిత్ దాన్ని వంటింట్లో అత్తగారి కాళ్ళ దగ్గర పెడుతుంది. ఆమె అటు తిరగగానే గెథిన్ దాన్ని ఎత్తుకెళ్ళి మేడమీది వెనక గదిలో పెట్టి వస్తాడు. ఆ గదిలో ఎవరూ లేరు. పసిపిల్లల తొట్టి ఒకటి ఉంది, అందులో మడత విప్పని దుప్పటి ఉంది, గోడకు బాతుపిల్లల కాగితం అంటించి ఉంది. చెమ్మకి ఆ కాగితం అంచులు లేస్తున్నాయని, బుధవారానికి గది పొడిగా ఉండాలని గెథిన్ అంటాడు. గోడకి జలుబు చేయదు, ఎనభై నాలుగేళ్ళ మనిషికి చేస్తుందని డెలిత్ అంటుంది. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో ఇద్దరూ ఇంత చిన్న వస్తువు మీద ఇంత సేపు పంతం పట్టింది లేదు.

"నా పేరు చెప్పుకుని కొట్టుకోకండి," అంది ఓల్వెన్. రెండు స్వెట్టర్ల మీద చనిపోయిన భర్త కోటు తొడుక్కుని కుర్చీలో ముడుచుకుని కూర్చుంది ఆ ముసలావిడ. "నాకు కావాల్సింది మంట. తీగకి వేలాడే ఎర్ర పుల్లలు కావు. ఆ ఇటుకలు పీకి పొయ్యి తెరవమని పంతొమ్మిది రోజులుగా మొత్తుకుంటున్నా."

"పొగగూడు పైదాకా మూసేశాం కదా అత్తయ్యా."

"మూసింది ఎవరు? బాయిలర్ వస్తోందని బొగ్గు మొహం చూడం అన్నది ఎవరు?"

మూయించింది డెలితే.

ఈ పంతొమ్మిది రోజుల వెనక ఉన్న కథ తెలియనివారికి నాలుగు ముక్కల్లో చెప్పవచ్చు. వాళ్ళ ఒక్కగానొక్క కూతురు నెరిస్. అల్లుడు రోడ్రి ఓడ మీద ఉద్యోగం చేస్తాడు, ఏడాదిలో సగం సముద్రం మీదే. అందుకని కడుపుతో ఉన్న పిల్ల ఆగస్టులో పుట్టింటికి వచ్చి మేడమీది వెనక గదిలో దిగింది. ఇల్లంతా వెచ్చబెట్టే గ్యాసు బాయిలర్, మూడేళ్ళ కిందట కొన్నది, ఆ గది అలమారలోనే ఉంది. అక్టోబరు నుంచి అది మొరాయించడం మొదలుపెట్టింది. కంపెనీ వాళ్ళు మూడుసార్లు మనుషుల్ని పంపారు. వచ్చిన ప్రతివాడూ ఏదో ఒక భాగం మార్చాడు, బాగైందని సంతకం పెట్టించుకున్నాడు, వెళ్ళిపోయాడు. వారం తిరగకుండా అది మళ్ళీ ఆగిపోయేది. క్రిస్మస్‌కి రెండు రోజుల ముందు నెరిస్‌కి ఏడు వారాలు ముందుగానే కాన్పయింది. మగపిల్లవాడు. పేరు ఓవైన్. అప్పటినుంచీ వాడు లోయ కింది పెద్దాసుపత్రిలో గాజుపెట్టెలోనే పెరిగాడు. జనవరిలో బాయిలర్ పూర్తిగా చచ్చిపోయింది. బుధవారం పిల్లవాణ్ణి ఇంటికి పంపుతామన్నారు ఆసుపత్రివాళ్ళు, ఇల్లు వెచ్చగా ఉంటేనే. మంగళవారం మధ్యాహ్నం నర్సు వచ్చి చూసి వెళ్తుంది. ఇవాళ సోమవారం.

ఈ పంతొమ్మిది రోజులూ డెలిత్‌కి ఫోనే ఉద్యోగం అయిపోయింది. బడి వంటగదిలో ఇరవై రెండేళ్ళు మూడు వందల మంది పిల్లలకు వడ్డించిన మనిషి, నోరు లేనిది కాదు. కానీ ఎవరితో పోట్లాడాలి? నలభై నిమిషాలు సంగీతం వినిపించి ప్రతిరోజూ ఒక కొత్త గొంతు పలికేది. ఆ గొంతుకి మొదటినుంచీ కథంతా చెప్పాలి. అంతా విని, తమ లెక్క ప్రకారం ఆ బాయిలర్ మూడుసార్లు బాగైందని మర్యాదగా చెప్పేవాళ్ళు. ఎవరు ఏ రోజున ఏమన్నారో ఆమె చర్చివాళ్ళ క్యాలెండరు వెనక రాసుకుంటూ వచ్చింది. వెనకంతా నిండిపోయి, అంచుల్లో రాస్తోంది.

పదకొండున్నరకి నాలుగో మనిషి వచ్చాడు.

పేరు పాస్కో. అరవైకి దగ్గర పడ్డవాడు, వంతెన అవతలి ఊరి యాస. గుమ్మంలో బూట్లు విప్పి చేత్తో పట్టుకుని మేడెక్కాడు. ముందు వచ్చిన ముగ్గురూ ఇరవై నిమిషాల్లో దిగిపోయారు. ఇతను అరగంటైనా దిగలేదు, ముప్పావుగంటైనా దిగలేదు. ఈసారి పని తెలిసినవాడు దొరికాడని డెలిత్ మనసు తేలికపడింది. టీ కప్పు పట్టుకుని ఆమే పైకి వెళ్ళింది.

గది కిటికీ బార్లా తెరిచి ఉంది. కొండ మీదినుంచి మంచుగాలి సూటిగా లోపలికి వస్తోంది. హీటరు ఆపేసి ఉంది. పాస్కో అలమార ముందు నేల మీద కూర్చుని, కాగితం మీద పెట్టిన ఒక నల్ల రబ్బరు చుట్టును టార్చి వేసి చూస్తున్నాడు. టీ అందుకోలేదు.

"ఈ గదిలో ఎవరు పడుకుంటారమ్మా?"

"ఇప్పుడెవరూ లేరు. మా అమ్మాయి పడుకునేది, ఆగస్టు నుంచి కాన్పు దాకా."

"ఆ అమ్మాయికి తలనొప్పి వచ్చేదా?"

డెలిత్ కప్పును కిటికీ గట్టు మీద పెట్టింది. వచ్చేది. పొద్దున లేస్తే తల పగిలిపోతోందనేది, కడుపులో తిప్పుతోందనేది. కడుపుతో ఉన్నవాళ్ళకి మామూలేనంది మంత్రసాని. నిన్ను కనేముందు నేనూ ఇంతేనని డెలిత్ కూడా చెప్పింది. పగలు బయటికి వెళ్ళి తిరిగివస్తే తగ్గేది. తలుపులు బిగించుకుని వెచ్చగా పడుకోమని, బాగా విశ్రాంతి తీసుకోమని పంపింది తనే.

పాస్కో సామాను సర్దుకుని, ఆ చుట్టును కాగితంలో మడిచి కిందికి వచ్చాడు. వంటింటి బల్ల దగ్గర అందరూ కూర్చున్నాక నెమ్మదిగా చెప్పాడు. బాయిలర్ పొగను గోడ బయటికి తీసుకుపోయే గొట్టం ఒకటి ఉంటుంది. దాని మలుపు దగ్గర ఈ రబ్బరు చుట్టు. విప్పిన ప్రతిసారీ పాతది పారేసి కొత్తది వేయాలి, కంపెనీవాళ్ళే ఇస్తారు. ఇది పాతదే. ఎవరో శుభ్రంగా కడిగి, నూనెజిడ్డు రాసి మళ్ళీ బిగించారు. జిడ్డుకి రబ్బరు ఉబ్బి, వేడికి పగిలింది. ఆ పగులులోంచి పొగ అలమారలోకి, అలమారలోంచి గదిలోకి వచ్చింది. బాయిలర్ ఎందుకు ఆగిపోతోందన్నది వేరే జబ్బు. ఆగిపోవడమే మేలైంది.

"వాసన రాలేదే," అన్నాడు గెథిన్.

"ఆ గాలికి వాసన ఉండదు." ఆ మాట అన్నది పాస్కో కాదు, ఓల్వెన్. ఆవిడ తండ్రి గనిలో ఆ విషపుగాలికే పోయాడు. ఒంటి మీద ఒక్క గాయం లేకుండా, నిద్రపోతున్నట్టు తీసుకొచ్చారని ఆవిడ ఎన్నోసార్లు చెప్పింది. "పిట్టని పట్టుకుని గనిలోకి వెళ్ళిన వంశం మనది, గాలి చెడితే ముందు కూలిపోయేది అదే. ఇంట్లో పిట్ట ఏదిరా?"

పిట్ట ఉంది. గాలి చెడితే అరిచే గంట ఒకటి డెలితే కొంది. గ్యాసు పొయ్యి ఉన్నచోటే ప్రమాదం అనుకుని దాన్ని వంటింట్లో తగిలించింది. రెండు తలుపుల అవతల, మెట్ల కింద, అది మంచి గాలి పీల్చుకుంటూ నిశ్శబ్దంగా ఉండిపోయింది.

ఆమె కాగితంలోని చుట్టు వంక చూసింది. చూడకముందే తెలుసు. ఆగస్టులో ఒక మధ్యాహ్నం ఇదే బల్ల దగ్గర కూర్చుని వియ్యంకుడు ఎమ్లిన్ దాన్ని గోరువెచ్చటి నీళ్ళలో కడిగాడు. సాసరు ఇచ్చింది తను. తుడుచుకోవడానికి గుడ్డ ఇచ్చింది తను. జేబులోంచి ఆకుపచ్చ డబ్బా తీసి, వేలికి జిడ్డు అద్దుకుని, చుట్టూ ప్రేమగా రాశాడు. గనిలో దీపాల గదిలో అన్నిటికీ ఇలాగే చేసేవాళ్ళం, ఏళ్ళ తరబడి మన్నేవి అన్నాడు. ఈ కాలం వాళ్ళయితే విసిరి పారేసేవాళ్ళని తను మెచ్చుకుని ఇంకో కేకు ముక్క పెట్టింది.

పాస్కో సర్వీసు పుస్తకం అడిగాడు. గెథిన్ లేవలేదు. డెలితే వెళ్ళి సొరుగులోంచి తెచ్చింది. ఏటా ఒక పేజీ. ఎమ్లిన్ గుండ్రటి దస్తూరీ, సంతకం, కింద అతని గ్యాసు పని లైసెన్సు కార్డు నంబరు. పాస్కో ఆ నంబరును ఫోనులో కొట్టి, కళ్ళద్దాలు పైకి తోసి మళ్ళీ చూశాడు.

"ఈ కార్డు చెల్లదమ్మా. రెండేళ్ళ కిందట మార్చిలోనే ఆగిపోయింది. గ్యాసు పని చేసే హక్కు ఈ మనిషికి లేదు. చేస్తే నేరం."

డెలిత్ మొగుడి వంక చూసింది. గెథిన్ హీటరు ఉండాల్సిన ఖాళీ చోటు వంక చూస్తున్నాడు. అతనికి తెలుసునని ఆమెకి అప్పుడు తెలిసింది.

"గుండె ఆపరేషన్ అయ్యాక వాడికి మళ్ళీ పరీక్ష రాసే ఓపిక లేకపోయింది, డెల్," అన్నాడు. "కార్డు పోయింది గానీ చేతులు పోలేదుగా. పని లేదంటే చచ్చిపోయేవాడు. మనిల్లు, వాడిల్లు, ఇంకో రెండు. అంతే."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే కాగితం అడుగుతావు. గనిలో పైకప్పు కూలినప్పుడు నా కాలర్ పట్టి లాగిన చెయ్యి అది. ఆ చేతిని కాగితం అడగమంటావా?"

పిల్లల పెళ్ళితో వియ్యంకులు కాకముందే వాళ్ళిద్దరూ గనిలో జతగాళ్ళు. పదేళ్ళు ఒకరి దీపం వెలుగులో ఒకరు పనిచేశారు. గని మూసేశాక ఎమ్లిన్ గ్యాసు పని నేర్చుకున్నాడు, గెథిన్ బస్సు డిపోలో చేరాడు. ఎదురెదురు ఇళ్ళు. రెండు ఇళ్ళలోనూ బొగ్గు పొయ్యి మూయించింది ఒకే వారం. అప్పట్లో వీధంతా నవ్వింది, వీళ్ళు తుమ్మినా జతగానే తుమ్ముతారని.

పాస్కో గొంతు సవరించుకున్నాడు. ఎర్ర చీటీ ఒకటి బాయిలర్‌కి కట్టేశానని, దానికి గ్యాసు ఆపేశానని, ఎవరూ తాకకూడదని చెప్పాడు. ఒక ఫారం తీశాడు. రేపు తొమ్మిది గంటలకల్లా పంపాలి. చివరిసారి సర్వీసు చేసింది ఎవరు అని అందులో ఒక గీత ఉంది. ఖాళీగా వదిలితే ఇంటివాళ్ళే గెలికారని రాసుకుంటారు. పేరు రాస్తే కంపెనీ గ్యారంటీ చెల్లదంటుంది, మొత్తం తప్పు ఆ పేరు మీద పెట్టి చేతులు దులుపుకుంటుంది.

"మరి మీ వాళ్ళు ముగ్గురు వచ్చారే. వాళ్ళు చూడలేదా?" అంది డెలిత్.

అతను ఆ ముగ్గురి కాగితాలూ ఫోనులో చూపించాడు. పొగగొట్టం పరీక్షించాం అన్న చోట మూడింటిలోనూ టిక్కు ఉంది.

"చూడలేదమ్మా. చూసి ఉంటే అక్టోబరులోనే దొరికేది. ఇంటికి ఇరవై నిమిషాలు ఇస్తారు మాకు. నేనివాళ ఆరిళ్ళు చూడాలి, మీది రెండోది. ఇక్కడ గంటన్నర కూర్చున్నందుకు నాకు చీవాట్లు పడతాయి రేపు." ఫారాన్ని మడత మీద గోరుతో నొక్కాడు. "ఆ టిక్కుల గురించి రాయడానికి ఇందులో గీత లేదు."

వెళ్తూ గుమ్మంలో బూట్లు తొడుక్కుంటూ, ఫారం మాట రేపు చూసుకుందాం, ఆసుపత్రికి మాత్రం ఇవాళే చెప్పమన్నాడు.

డెలిత్ వార్డుకి ఫోన్ చేసింది. ఇన్ని రోజుల తర్వాత రక్తంలో ఏమీ దొరకదని చెప్పింది అక్కడి పెద్ద నర్సు. అయినా డాక్టరుకి చెబుతామని, పిల్లవాడి తల లోపల మరోసారి చూస్తామని అంది. దానివల్లే ముందుగా పుట్టాడా అని డెలిత్ అడిగింది. ఎవరూ చెప్పలేరు అంది ఆవిడ. దయగానే అంది. ఆ దయ డెలిత్‌కి రోకటిపోటులా తగిలింది.

మధ్యాహ్నం గెథిన్, ఫారంలో తన పేరు రాయించమన్నాడు. తనే విప్పానని చెబుతాడట. డెలిత్ క్యాలెండరు తీసి, అంచున ఆ మూడు టిక్కుల సంగతి రాసుకుంది. ఓల్వెన్ మాత్రం కళ్ళు మూసుకునే, గని సమ్మె జరిగిన ఏడాది సంగతి చెప్పింది. అప్పుడు ఈ వీధిలో ఒకడు పై అధికారులకి సమ్మెలో ఉన్నవాళ్ళ పేర్లు చెప్పాడు. వాడు ఎదురైతే జనం మొహం తప్పించి రోడ్డు దాటేవారు. నలభై ఏళ్ళు అలాగే దాటారు. వాడు పోయినప్పుడు శవపేటిక మోయడానికి నలుగురు దొరక్క పక్క లోయనుంచి మనుషుల్ని తెచ్చుకున్నారు. ఆవిడ ఎటు వైపు ఉండి ఆ మాట చెప్పిందో డెలిత్‌కి అర్థం కాలేదు. అడగాలనిపించలేదు.

నాలుగున్నర బస్సుకి నెరిస్ వచ్చింది. ఆసుపత్రి సబ్బు వాసనతో, చలికి ఎర్రబడ్డ బుగ్గలతో వచ్చింది. సీసా పాలు మొత్తం తాగేశాడని, తాగి తన వేలు పట్టుకుని వదల్లేదని చెబుతూ కోటు విప్పబోయి, చలి చూసి మళ్ళీ తొడుక్కుంది. ఫోటో చూపించింది. ఓల్వెన్ ఫోటోని వేలితో తాకింది.

"బాయిలరతను వచ్చాడా అమ్మా?"

డెలిత్ రొట్టె కోస్తూ ఉంది. కత్తి చేతిలో ఉండగానే చెప్పింది. చుట్టూ తిప్పకుండా, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. గొట్టం, పొగ, ఆ గది, ఆ తలనొప్పులు, ఆసుపత్రి వాళ్ళన్న మాట. ఒక్క పేరు దగ్గర మాత్రం ఆగిపోయింది.

నెరిస్ ఏడవలేదు. పొట్ట ఉన్నచోట, ఇప్పుడు ఖాళీగా ఉన్నచోట, కోటు మీదనుంచే చెయ్యి పెట్టుకుంది.

"ఎవరు విప్పారు దాన్ని?"

"నేనే," అన్నాడు గెథిన్. "బిగించడం రాలేదు."

ఓల్వెన్ కళ్ళు తెరిచి కొడుకుని చూసి, మళ్ళీ మూసుకుంది. డెలిత్ ఊరుకుంటే చాలు. ఊరుకుంటే వియ్యం నిలబడుతుంది, వీధి నిలబడుతుంది, రోడ్రి ఓడ దిగి వచ్చేసరికి అతని తండ్రి తల ఎత్తుకునే ఉంటాడు. పోయేదల్లా ఒక తండ్రి మీద కూతురికున్న నమ్మకం. దాన్ని అతనే చేజేతులా ఇచ్చేస్తున్నాడు.

నెరిస్ తండ్రిని కేకలేయలేదు. కేకలేస్తే బాగుండేది. ఫోనును బల్ల మీద బోర్లించి, ఎంతో నెమ్మదిగా అంది.

"బుధవారం ఓవైన్‌ని ఇక్కడికి తీసుకురాను. ఎదురింటికి తీసుకెళ్తాను. అత్తయ్య నిన్ననే రమ్మంది, తలనొప్పి కాస్త తగ్గగానే గది సర్దుతానంది. అక్కడ వెచ్చగా ఉంటుంది. బాయిలర్ సంగతి మామయ్య చూసుకుంటాడు."

రొట్టె కత్తి ఆగింది.

వియ్యపురాలు గ్వెండాకి తలనొప్పి. మూడు ఆదివారాలుగా ఆమె చర్చికి రాలేదు. వయసు మీద పడిందని, కళ్ళద్దాలు మార్చుకోవాలని, ఆడవాళ్ళంతా తలా ఒక మాట అన్నారు. తనూ అంది. ఎదురింటి బాయిలర్ కూడా ఇదే కంపెనీది, ఇదే రకం, దీంతోపాటే కొన్నది. ఏటా దాన్ని విప్పి, కడిగి, జిడ్డు రాసి బిగించేది అదే చెయ్యి. మధ్యాహ్నం నుంచీ ఆసుపత్రి అనీ ఫారం అనీ కొట్టుకుందే గానీ, రోడ్డుకి అవతల పదడుగుల దూరంలో ఉన్నది తనకెందుకు తట్టలేదు?

గెథిన్ తలెత్తాడు. అతని మొహం చూస్తే అతనికీ అప్పుడే తట్టిందని తెలుస్తోంది.

డెలిత్ కిటికీ తెర పక్కకి జరిపింది. వీధి దీపాలు వెలిగాయి. ఎదురింటి గోడలోని గొట్టం నుంచి తెల్లటి ఆవిరి నిలకడగా, ఆరోగ్యంగా పైకి పోతోంది. రోజూ ఈపాటికి గ్వెండా వంటింట్లో దీపం వేసి తెరలు లాగుతుంది. ఇవాళ తెరలు తెరిచే ఉన్నాయి. కిటికీ నల్లగా ఉంది.

ఆమె ఏప్రాను విప్పి కుర్చీ మీద వేసింది. తలుపు వెనక కొక్కేనికి ఉన్న కోటు తీసుకుంది. గుండీలు పెట్టుకుంటూ, పిల్లల వడ్డనకి వేళైందని చెప్పినంత మామూలుగా అందరికీ చెప్పింది.

"మీ నాన్న దాన్ని ముట్టుకోలేదు, నెరిస్. విప్పింది ఎమ్లిన్. వాళ్ళింట్లోనూ అదే బాయిలర్. ఓవైన్ బుధవారం ఇక్కడికీ రాడు, అక్కడికీ వెళ్ళడు. ఇంకొన్నాళ్ళు ఆసుపత్రిలోనే ఉంచుకోమని నేను అడుగుతాను. ఇప్పుడు ఎదురింటికి వెళ్తున్నాను, దాన్ని ఆపించి గ్వెండాని బయటికి తీసుకొస్తాను. వాడు చేసిన ఆ ఇంకో రెండిళ్ళకీ ఇవాళే చెబుతాను. రేపు తొమ్మిదింటికి ఫారంలో ఎమ్లిన్ పేరు రాయిస్తాను. ఆ సంగతి వెనకాల చెప్పను, వాడి మొహమ్మీదే ఇప్పుడే చెబుతాను. ఆ మూడు టిక్కులకీ గీత లేకపోతే, కాగితం వెనక రాయిస్తాను."

గెథిన్ లేచి, తన కోటు కోసం వెతుక్కోవడం మొదలుపెట్టాడు.